నాసికా శ్వాసలో వాయుప్రవాహ మాపనం – సింగరేణి గనుల నేపథ్యంలో ప్రవాహి యాంత్రికశాస్త్ర వివేచన

ఉపోద్ఘాతం

రామగుండం, గోదావరిఖని ప్రాంత జనవ్యవహారంలో భూగర్భ బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. ఉపరితలంపైనున్న ఫ్యాను గనిలోని గాలిని బయటికి లాగుతుంది. ఆ పీడన భేదం వల్ల తాజా గాలి మరొక మార్గాన లోనికి ప్రవహిస్తుంది. ఉదరవితానం కిందికి దిగినప్పుడు ముక్కులోకి గాలి చేరడానికీ ఇదే సూత్రం ఆధారం. కార్మికుని రక్షణకు ఈ రెండు ప్రవాహాలూ అవసరమే. గనిలోని గాలిని కొలవడం నిత్యకృత్యం. ముక్కులోని గాలిని కొలిచే సందర్భాలు మాత్రం అరుదు.

పీడనం – ప్రవాహం

గని మార్గాలలో ప్రవాహం సంక్షుబ్ధమైనది. అందువల్ల పీడన నష్టం ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపు కావాలంటే పీడనం నాలుగింతలు కావాలి. ముక్కులో స్తరిత, సంక్షుబ్ధ లక్షణాలు రెండూ కలిసి ఉంటాయి. 1915లో రోరర్ ప్రతిపాదించిన సమీకరణంలో పీడన భేదం రెండు పదాల మొత్తం: ఒకటి ప్రవాహానికి, రెండవది ప్రవాహ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కాబట్టి నాసికా నిరోధం స్థిరరాశి కాదు. ఏ పీడనం వద్ద కొలిచారో చెప్పకుండా నిరోధాన్ని పేర్కొనడం అర్థరహితం. సాధారణంగా 150 పాస్కల్‌లను ప్రమాణంగా గ్రహిస్తారు.

మాపన విధానం

రైనోమానోమెట్రీలో ఒక నాసికారంధ్రాన్ని గొట్టంతో గాలి చొరకుండా మూసి, రెండవ రంధ్రం ద్వారా శ్వాసింపజేస్తారు. మూసిన వైపు ప్రవాహం లేనందున పీడన నష్టమూ ఉండదు. ఆ గొట్టం ముక్కు వెనుకభాగపు పీడనాన్ని యథాతథంగా చూపుతుంది. గనిలో రెండు స్థానాల మధ్య గొట్టం పరచి మానోమీటరుతో పీడన భేదాన్ని కొలిచే పద్ధతికీ ఈ తర్కమే మూలం. ప్రవాహాన్ని మాస్కుకు అమర్చిన న్యూమోటాకోగ్రాఫ్ కొలుస్తుంది. అందులోని సన్నని సమాంతర నాళికలు ప్రవాహాన్ని స్తరితంగా ఉంచుతాయి కనుక పీడన భేదం నుండి ప్రవాహం నేరుగా తెలుస్తుంది.

రెండు రంధ్రాలు సమాంతర మార్గాలు. 150 పాస్కల్‌ల వద్ద ఎడమవైపు సెకనుకు 375, కుడివైపు 125 ఘన సెంటీమీటర్లు ప్రవహించాయనుకుంటే మొత్తం 500. అప్పుడు ఉమ్మడి నిరోధం 0.3 ప్రమాణాలు. నాసికా చక్రం వల్ల కొన్ని గంటలకు ఈ విలువలు తారుమారు కావచ్చు, మొత్తం దాదాపు మారదు. ఒక్క వైపు కొలతతో నిర్ధారణకు రావడం అందుకే దోషం.

గని కార్మికునికి అన్వయం

శ్రమ పెరిగి గాలి అవసరం నిమిషానికి సుమారు 35 లీటర్లు దాటితే చాలామంది నోటితో కూడా శ్వాసిస్తారు. ముక్కు నిరోధం అధికమైతే ఈ మార్పు ముందే సంభవించవచ్చు. అప్పుడు ముక్కు వడగట్టవలసిన ముతక ధూళి లోపలికి చేరుతుంది. ఊపిరితిత్తుల లోతులకు చేరే సూక్ష్మధూళిని ముక్కు కూడా పూర్తిగా ఆపలేదు; దానికి గాలి సరఫరా, నీటి చిమ్మకం, మాస్కు శరణ్యాలు. అయితే మాస్కు నిరోధం ముక్కు నిరోధానికి శ్రేణిలో కలుస్తుంది. ధూళితో పూడిన మాస్కును కార్మికుడు తొలగించడం నిర్లక్ష్యమే కానక్కరలేదు, అది పీడన భారానికి శరీరం చూపే ప్రతిస్పందన కావచ్చు.

ముగింపు

గాలిలోని ధూళి పరిమాణం ఒక్కటే శరీరంలో చేరే మోతాదును నిర్ణయించదు. శ్వాసమార్గమూ, దాని నిరోధమూ నిర్ణయిస్తాయి. గని గాలి కొలతకు తోడు నాసికా నిరోధ పరీక్ష కూడా వృత్తి ఆరోగ్య పరిశీలనలో చేరితే, మాస్కుల ఎంపికకు శాస్త్రీయమైన ఆధారం లభిస్తుంది.