క్రూజ్ మొరాయిస్తే ముందు బ్రేకు లైటు చూడాలి

అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటల తరబడి హైవే మీద వెళ్లేవాళ్లకు క్రూజ్ కంట్రోల్ పెద్ద ఊరట. పెడల్ మీద పాదం ఆనించి ఉంచక్కర్లేదు, వేగం పరిమితి దాటుతుందన్న బెంగ ఉండదు. కానీ అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లల్లో చాలామంది మొదట కొనేది పాత సెకండ్ హ్యాండ్ కారే. ఇంజిను నిక్షేపంలా ఉంటుంది, ఏసీ చల్లగా వస్తుంది. స్టీరింగ్ మీద ‘సెట్’ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు.

క్రూజ్‌ను నడిపే మాడ్యూల్ పోయిందనుకుని కొందరు నేరుగా దాన్నే మార్చేస్తారు. డబ్బు ఖర్చవుతుంది గానీ క్రూజ్ రాదు. ఎందుకంటే చాలాసార్లు తప్పు క్రూజ్‌లో ఉండదు.

క్రూజ్ కంట్రోల్‌కు పేటెంటు పొందినవాడు రాల్ఫ్ టీటర్. అయిదేళ్ల వయసులో ప్రమాదం వల్ల చూపు పోయినా ఇంజినీరుగా ఎదిగిన అమెరికన్. ఆయనకు 1950లో పేటెంటు వచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ ఇంపీరియల్‌తో అది కొనుగోలుదారుల చేతికి అందింది. వేగాన్ని పట్టి ఉంచడం ఈ పరికరం పనిలో సగమే. బ్రేకు మీద కాలు పడిన క్షణంలో దాన్ని వదిలేయడం మిగతా సగం, అసలు ముఖ్యమైన సగం. అందుకే బ్రేకు స్విచ్, స్పీడు సెన్సర్, గేర్లు చేత్తో మార్చే కార్లలో క్లచ్ స్విచ్ నుంచి కూడా దీనికి కబురు అందుతూ ఉంటుంది. వాటిలో ఏ ఒక్క కబురు అనుమానంగా ఉన్నా క్రూజ్ పనిచేయనంటుంది. అలాగే తయారుచేశారు.

కాబట్టి వెతుకులాట ఫ్యూజ్‌తో, బ్రేకు లైట్లతో మొదలుపెట్టాలి. బ్రేకు నొక్కినప్పుడు లైట్లు వెలగాలి, వదలగానే ఆరిపోవాలి. పాత హోండా కార్లలో పెడల్ పైభాగాన, స్విచ్ మొన తగిలే చోట చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి విరిగిపోతుంది. అప్పుడు స్విచ్ మొన ఆ బిళ్ల వదిలిన కన్నంలోకి దూరిపోయి, పెడల్ ఎవరూ తొక్కకపోయినా తొక్కినట్టే లెక్క వేస్తుంది. బ్రేకు లైట్లు ఆరవు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది, క్రూజ్ సెట్ కాదు. కాళ్ల దగ్గర మ్యాట్ మీద ప్లాస్టిక్ ముక్కలు కనబడితే కారణం దొరికినట్టే. కొత్త బిళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

1990ల నాటి ఫోర్డు బండ్లలో ఇంకో రకం చిక్కు ఉంది. బ్రేకు నొక్కనప్పుడు క్రూజ్ మాడ్యూల్, బ్రేకు లైటు బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ అందుతోందా అని చూసుకుంటుంది. బల్బులన్నీ మాడిపోయినా, వాటి ఎర్త్ తుప్పు పట్టినా ఆ దారి తెగిపోతుంది. మామూలు బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టినా అంతే. లైట్లు చక్కగా వెలుగుతాయి, క్రూజ్ మాత్రం చచ్చిపోతుంది. పాత రకం బల్బులు తిరిగి పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

తర్వాత స్పీడోమీటరు. దాని ముల్లు ఊగిసలాడినా, సున్నా దగ్గరే ఉండిపోయినా స్పీడు సెన్సర్‌ను అనుమానించాలి. వేగం తెలియకపోతే క్రూజ్ దేన్ని పట్టి ఉంచాలి?

హారన్ కూడా మోగకపోతే, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూ ఉంటే చూపు స్టీరింగ్ లోపలికి మళ్లాలి. అక్కడ క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టలాంటి రిబ్బన్ తీగ ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా విచ్చుకుంటూ ముడుచుకుంటూ చివరికి ఎక్కడో తెగుతుంది. బటన్లను మల్టీమీటరుతో పరీక్షించవచ్చు. 1990ల నాటి ఫోర్డు స్విచ్‌లలో ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టెన్స్: ‘కోస్ట్’ నొక్కితే దాదాపు 120 ఓములు, ‘సెట్’కు 680, ‘రెజ్యూమ్’కు 2,200. అంకె అటూ ఇటూ దూకుతుంటే కాంటాక్టులు అరిగాయన్నమాట. అయితే స్టీరింగ్ విప్పేముందు బ్యాటరీ తీగ తప్పించి కాసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే తీగల్లో, సాధారణంగా పసుపు రంగు కనెక్టర్ ఉన్నవాటిలో, మీటరు పెట్టనే కూడదు.

ఇవన్నీ సవ్యంగా ఉన్నాకే మాడ్యూల్ వంతు. 1980ల మెర్సిడెస్ కార్లలో దీన్ని యాంప్లిఫయర్ అంటారు. దాన్ని విప్పి భూతద్దంతో చూస్తే కొన్ని భాగాల కాళ్ల చుట్టూ సోల్డర్‌లో సన్నని నల్లటి పగులు కనబడుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక ఆగిపోయే క్రూజ్‌కు తరచూ ఇదే కారణం. మళ్లీ సోల్డర్ పెడితే చాలావాటికి ప్రాణం వస్తుంది.

బ్రేకు స్విచ్‌ను తప్పించి రెండు తీగలు కలిపేద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. బ్రేకు నొక్కినా వేగం వదలని బండి ప్రాణాలు తీస్తుంది. స్విచ్‌ను పాతదే కదా అని వదిలేయడమూ ప్రమాదమే. ఫోర్డు బండ్లలో బ్రేకు నూనె ఒత్తిడితో పనిచేసే క్రూజ్ స్విచ్ ఒకటి ఉండేది. లోపలి పలచని పొర చిట్లి, నూనె కరెంటు భాగంలోకి ఊరేది. ఇంజిను ఆపినా ఆ స్విచ్‌కు కరెంటు అందుతూనే ఉండడంతో, నిలిపి ఉంచిన బండ్లు కూడా అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా విడతలు విడతలుగా సుమారు కోటీ నలభై లక్షల బండ్లను ఫోర్డు వెనక్కి పిలిచింది. అప్పటి ఫోర్డు, లింకన్, మెర్క్యురీ బండి కొన్నవాళ్లు క్రూజ్ గురించి ఆలోచించే ముందు, 17 అక్షరాల బండి గుర్తింపు సంఖ్య (వీఐఎన్) డీలరుకు చెప్పి, ఆ మరమ్మతు జరిగిందో లేదో కనుక్కోవాలి.