పాస్‌వర్డ్ అడగని కంప్యూటర్ ఉన్నట్టుండి ఎందుకు అడుగుతుంది?

ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. పిల్లల ప్రాజెక్టులు, కరెంటు బిల్లులు, పెళ్లి ఫొటోలు, ఆధార్, పాన్ కార్డుల స్కాన్ కాపీలు అన్నీ అందులోనే ఉంటాయి. స్విచ్ నొక్కగానే ఏమీ అడగకుండా డెస్క్‌టాప్ తెరుచుకునేలా ఎప్పుడో ఎవరో అమర్చి పెట్టారు. కొన్నేళ్లు అలాగే నడిచింది. ఒక ఉదయం మాత్రం తెరపై పేరు, దాని కింద ఖాళీ గడి కనిపిస్తాయి. పాస్‌వర్డ్ ఇవ్వమంటుంది. దాన్ని పెట్టినవారు వేరే ఊళ్లో ఉంటారు, లేదా ఏం పెట్టారో మరచిపోయి ఉంటారు.

చాలా ఇళ్లలో తొందరపాటు జరిగేది ఇక్కడే. కంప్యూటర్ పాడైందనుకుని మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ సులువు మార్గమని డిస్కును ఫార్మాట్ చేస్తే ఫొటోలూ పత్రాలూ పోతాయి. నిజానికి ఇలాంటి సందర్భాల్లో యంత్రానికి ఏ జబ్బూ ఉండదు. ఎక్కడో ఒక పేరో, ఒక అక్షరాల వరుసో, ఒక సెట్టింగో మారి ఉంటుంది, అంతే. ఏది మారిందో తెర మీది గుర్తులను బట్టే చాలావరకు చెప్పవచ్చు. అందుకు ముందుగా ఆటోమేటిక్ లాగిన్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

తాళం తీసేయడం కాదు

ఆటోమేటిక్ లాగిన్ అంటే తాళం లేని తలుపు అని చాలామంది అనుకుంటారు. విండోస్ కంప్యూటర్లలో అది నిజం కాదు. తాళం అలాగే ఉంటుంది. మన బదులు కంప్యూటరే తాళంచెవి తిప్పుతుంది. పొరుగూరు వెళ్తూ పక్కింటివారికి తాళంచెవి ఇచ్చినట్టు, మన పాస్‌వర్డ్‌ను మనమే యంత్రం చేతిలో పెట్టి ఉంచుతాం.

ఇది అవసరం కావడానికి ఒక కారణం ఉంది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కార్బాటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే ఆ ఏర్పాటులో ఎవరి ఫైళ్లు వారికే దక్కేందుకు పాస్‌వర్డ్‌లు వచ్చాయి. అవి ఉన్నవి ఉన్నట్టుగా ఒక ఫైల్‌లో ఉండేవి. ఆ దశాబ్దంలోనే ఒకసారి సాఫ్ట్‌వేర్ లోపం వల్ల, లాగిన్ అయిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు ఆ పాస్‌వర్డ్‌ల జాబితాయే కనిపించింది.

ఇలాంటి ముప్పును ఎదుర్కొనేందుకు పాస్‌వర్డ్‌ను దాచకుండా దాని ‘హ్యాష్’ను మాత్రమే దాచే పద్ధతి స్థిరపడింది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పత్రం ఈ విషయంలో ప్రసిద్ధం. బియ్యాన్ని పిండి పట్టించవచ్చు గానీ, ఆ పిండిని తిరిగి గింజలుగా చేయలేం. హ్యాష్ కూడా అంతే. ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది, ఆ ఫలితం నుంచి వెనక్కి వెళ్లి పాస్‌వర్డ్‌ను రాబట్టే నేరు మార్గం లేదు. మనం టైప్ చేసినదాన్ని కంప్యూటర్ అదే విధంగా ‘పిండి పట్టి’, తన దగ్గరున్న దానితో పోల్చి చూస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. హ్యాష్ నుంచి అసలు పాస్‌వర్డ్ రాదు కాబట్టి, మన బదులు లాగిన్ కావాలంటే విండోస్ పాస్‌వర్డ్‌నే విడిగా, తిరిగి చదవగలిగే రూపంలో దాచుకోవాలి. కంప్యూటర్ ఆన్ కాగానే విన్‌లాగాన్ అనే భాగం రిజిస్ట్రీలో మూడు సంగతులు చూస్తుంది. ఆటోమేటిక్ లాగిన్ చేయమన్నారా? ఎవరి పేరుతో? ఏ కంప్యూటర్ లేదా డొమైన్‌కు చెందిన ఖాతా అది? ఆ తర్వాత దాచిన పాస్‌వర్డ్‌ను తీసి మామూలు తనిఖీకే పంపుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా లాగిన్ తెర వచ్చి నిలుస్తుంది.

తెర చెప్పే గుర్తులు

మొదటి గుర్తు: కంప్యూటర్ ఆన్ కాగానే, ఎవరూ ఏమీ టైప్ చేయకుండానే ‘పాస్‌వర్డ్ తప్పు’ అన్న సందేశం వస్తుంది. అంటే యంత్రం ప్రయత్నించింది, దాని దగ్గరున్న పాస్‌వర్డ్ చెల్లలేదు. తాళం మార్చాం గానీ పక్కింటివారికి కొత్త తాళంచెవి ఇవ్వలేదన్నమాట. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నడిచే కంప్యూటర్లలో ఇది తరచూ ఎదురవుతుంది. ఫోన్‌లో ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చినవారికి అది ఇంట్లోని కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా అన్న సంగతి గుర్తుండదు. కంప్యూటర్‌కు ఆ మార్పు వెంటనే తెలియకపోవచ్చు కాబట్టి రెండింటి మధ్య సంబంధం తట్టదు.

ఇదే గుర్తుకు మరో కారణం పిన్. రోజూ 4 అంకెల పిన్‌తో లాగిన్ అయ్యేవారు, ఆటోమేటిక్ లాగిన్ అమర్చేటప్పుడు పాస్‌వర్డ్ గడిలో అదే పిన్ ఇస్తుంటారు. అది పనిచేయదు. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితమైనది, పాస్‌వర్డ్ ఖాతాకు చెందినది. 2021 నుంచి మైక్రోసాఫ్ట్ ఖాతాలో పాస్‌వర్డ్‌ను పూర్తిగా తొలగించుకునే వీలు కూడా ఉంది. అలా తొలగించినవారి విషయంలో యంత్రం దాచుకోవడానికి పాస్‌వర్డే ఉండదు.

రెండో గుర్తు: లాగిన్ తెర మీద ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది, లేదా పాస్‌వర్డ్ సరైనదే అయినా యంత్రం తనంతట తాను లోపలికి వెళ్లలేకపోతుంది. కంప్యూటర్ పేరు ఈమధ్య మార్చారేమో చూడాలి. రిజిస్ట్రీలో పాత పేరే మిగిలిపోతే, విన్‌లాగాన్ ఇప్పుడు లేని యంత్రంలోని ఖాతా కోసం వెతుకుతుంది. ఊరు మారినా చిరునామా మార్చకపోతే ఉత్తరం పాత ఇంటికే వెళ్తుంది కదా.

మూడో గుర్తు: అమర్చుకుందామంటే ఆ గడే కనిపించదు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ‘నెట్‌పీఎల్‌విజ్’ ఆదేశం ఇస్తే ఖాతాల జాబితా వస్తుంది. ఇంగ్లిష్‌లో ఎన్, ఈ, టీ, పీ, ఎల్, డబ్ల్యూ, ఐ, జడ్ అక్షరాలను కలిపి రాయాలి. ‘ఈ కంప్యూటర్ వాడేవారు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి’ అనే అర్థమిచ్చే చెక్ బాక్స్ అక్కడ ఉండాలి. విండోస్ 10లో 2020 మే నెల వెర్షన్ నుంచి, విండోస్ 11లోనూ, సైన్ ఇన్ ఆప్షన్లలో ‘మైక్రోసాఫ్ట్ ఖాతాలకు విండోస్ హలో ద్వారానే ప్రవేశం’ అన్న స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ బాక్స్ కనిపించదు. స్విచ్ ఆపి, పెట్టెను మూసి తెరిస్తే మళ్లీ కనిపిస్తుంది. చాలామంది దీన్ని లోపమనుకుంటారు. అది కావాలని చేసిన ఏర్పాటే.

నాలుగో గుర్తు: ఆన్ చేసినప్పుడు నేరుగా తెరుచుకుంటుంది, కాసేపు వదిలేసి వస్తే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ ఆటోమేటిక్ లాగిన్ తప్పేమీ లేదు. నిద్రావస్థ నుంచి లేచినప్పుడు అడగాలా వద్దా అన్నది వేరే సెట్టింగ్. అదీ సైన్ ఇన్ ఆప్షన్లలోనే ఉంటుంది.

ఐదో గుర్తు: లాగిన్ తెర మీద ఇద్దరు ముగ్గురి పేర్లు కనిపిస్తాయి, యంత్రం ఎవరినీ ఎంచుకోదు. ఖాతా ఒక్కటే ఉండి దానికి పాస్‌వర్డ్ లేకపోతే విండోస్ సాధారణంగా నేరుగా లోపలికి వెళ్తుంది. కొత్త ఖాతా చేరితే, ఎవరన్నది తేల్చమని ఆగుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 1.1 ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏఎస్‌పీనెట్ అనే ఖాతా తనంతట తాను చేరేది. దాంతో ఎంతోమంది ఇళ్లలో ఆటోమేటిక్ లాగిన్ ఆగిపోయింది.

పాస్‌వర్డ్ గడియ మాత్రమే కాదు

లినక్స్ వాడేవారికి ఎదురయ్యే సమస్య మరో రకం. ఉబుంటు వంటి వాటిలో ఆటోమేటిక్ లాగిన్ పెడితే డెస్క్‌టాప్ హాయిగా తెరుచుకుంటుంది. కానీ బ్రౌజర్ తెరవగానే, ‘లాగిన్ కీరింగ్ తెరుచుకోలేదు, పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని అడుగుతుంది. లోపలికి వచ్చాక మళ్లీ పాస్‌వర్డ్ ఎందుకన్న ప్రశ్న సహజం.

దాని జవాబులోనే అసలు సంగతి ఉంది. పాస్‌వర్డ్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, మనం మనమేనని రుజువు చేయడం. రెండు, మన రహస్యాలను గూఢలిపిలో ఉంచే తాళంచెవిని తయారుచేయడం. లినక్స్‌లో ఆటోమేటిక్ లాగిన్ మొదటి పనిని దాటవేస్తుంది. యంత్రం పాస్‌వర్డ్‌ను దాచుకోదు, కాబట్టి రెండో పనికి కావలసిన తాళంచెవి దాని దగ్గర ఉండదు. వీధి తలుపు తెరిచే ఉన్నా బీరువా తాళం వేసే ఉందన్నమాట. కీరింగ్‌కు ఖాళీ పాస్‌వర్డ్ పెడితే ఆ ప్రశ్న ఆగుతుంది. కానీ అప్పుడు అందులోని రహస్యాలు గూఢలిపి లేకుండానే డిస్కు మీద ఉంటాయి.

మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తే ఆటోమేటిక్ లాగిన్ అసలు కుదరదు. డిస్కు మొత్తాన్ని తెరవడానికే పాస్‌వర్డ్ కావాలి కాబట్టి, దాన్ని అదే డిస్కు మీద దాచి ప్రయోజనం లేదు. పెట్టె తాళంచెవిని ఆ పెట్టెలోనే వేసి మూసేసినట్టు అవుతుంది.

విండోస్‌లోనూ బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్‌లకు లాగిన్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి ముడే ఉంది. అందుకే లోకల్ ఖాతా పాస్‌వర్డ్‌ను తెలిసి ‘మార్చడానికీ’, తెలియక బయటి సాధనంతో బలవంతంగా ‘రీసెట్’ చేయడానికీ చాలా తేడా ఉంది. రీసెట్ చేస్తే ఫొటోలు, పత్రాలు సాధారణంగా ఉంటాయి. దాచిన పాస్‌వర్డ్‌లు, విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో భద్రపరిచిన ఫైళ్లు మాత్రం తెరుచుకోకపోవచ్చు. దుకాణంలో ‘పాస్‌వర్డ్ తీసేస్తాం’ అన్నప్పుడు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. డిస్కుకు బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో అంతకంటే ముందే చూసుకోవాలి. చాలా ఇళ్ల కంప్యూటర్లలో అది యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది.

పెట్టుకోవచ్చా?

తిరిగి చదవగలిగే రూపంలో పాస్‌వర్డ్ దాచడం వల్ల కలిగే ముప్పు ఎంత? అది దాచిన తీరును బట్టి ఉంటుంది. కొన్ని చిట్కాల్లో చెప్పినట్టు రిజిస్ట్రీలో ‘డిఫాల్ట్ పాస్‌వర్డ్’ అన్న పేరుతో చేత్తో రాస్తే, అది మామూలు అక్షరాల్లోనే ఉండిపోతుంది. నెట్‌పీఎల్‌విజ్ గానీ, మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ ‘ఆటోలాగాన్’ గానీ వాడితే గూఢలిపిలో దాస్తాయి. అయితే అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవారు దాన్నీ సులువుగా బయటికి తీయగలరని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తోంది.

అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. ఆటోమేటిక్ లాగిన్ ఉన్న ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే, డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. చాలా ల్యాప్‌టాప్‌లలో టీపీఎం అనే చిప్ ఆన్ కాగానే డిస్కు తాళం తీస్తుంది, ఆటోమేటిక్ లాగిన్ ఖాతా తాళం తీస్తుంది. ఈమెయిల్ తెరిచే ఉంటుంది, ఆ ఈమెయిల్‌తో ఎన్నో ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవచ్చు. డబ్బు పోయినట్టు గుర్తిస్తే వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయాలి.

కాబట్టి నిర్ణయం యంత్రాన్ని బట్టి ఉండాలి. గది దాటని డెస్క్‌టాప్‌లో సినిమాలు, పాటలు, పిల్లల ఆటలే ఉంటే ఆటోమేటిక్ లాగిన్ వల్ల పెద్ద నష్టం లేదు. దానికోసం అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని విడి ఖాతా పెడితే మరీ మంచిది. వేరే ఖాతాలోకి వెళ్లాలనుకున్నప్పుడు విండోస్ మొదలయ్యే సమయంలో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే ఆటోమేటిక్ లాగిన్ ఆగుతుంది. బయటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌కు, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కు మాత్రం అది తగదు. టైప్ చేయడం కష్టమైన పెద్దలకు వేలిముద్రో, పిన్నో పెడితే చాలు. పిన్ ఆ యంత్రం దాటి వెళ్లదు కాబట్టి, వేరే కంప్యూటర్‌లో ఎవరికీ పనికిరాదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, అసలు పాస్‌వర్డ్‌ను, రికవరీ కీని కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులున్న చోట పెట్టడం మేలు. రోజూ టైప్ చేసే పాస్‌వర్డ్ వేళ్లకే గుర్తుంటుంది. ఆటోమేటిక్ లాగిన్ పెట్టిన నాటి నుంచి దాన్ని గుర్తుంచుకునేది యంత్రం ఒక్కటే, అది కూడా మనం దాన్ని మార్చనంత వరకే.