అక్టోబరులోనే తేలాల్సిన నీటి లెక్క

విపత్తుల్లో నెలల ముందే చెప్పి వచ్చేది కరువు. ముందు ఏరువాక వాన వెనకబడుతుంది. మొలిచిన పైరు మీద మూడు నాలుగు వారాలు చినుకు పడదు. చెరువులోకి కొత్త నీరు చేరదు. సంక్రాంతి నాటికి బావుల్లో మట్టం దిగుతుంది, ఉగాది దాటాక బోర్లు ఆగి ఆగి పోస్తాయి. ట్యాంకరు కోసం బిందెల వరుస ఏప్రిల్‌లో కనిపించినా, ఆ ఏడాది ఊరికి నీళ్లు చాలతాయో లేదో అక్టోబరు చివరికే దాదాపు తేలిపోతుంది. ఈ ఆరు నెలల వ్యవధిని వాడుకోవడమే కరువు సన్నద్ధత.

ఈ విషయం ఉమ్మడి అనంతపురం జిల్లాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ నేల మీద ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లే. అది కూడా పంటకు కావలసిన వేళకు పడుతుందన్న భరోసా లేదు. వేరుసెనగ ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే పెట్టుబడి కూడా చేతికి రాదు. తర్వాత కురిసిన వానతో సగటు నిండినా రైతుకు ఒరిగేది ఉండదు. 2022లో జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయింది గాని రెండింటి నీటి కష్టం ఒక్కటే.

కరువును ఎలా గుర్తిస్తారు

సాధారణ వర్షపాతం కన్నా 26 శాతం లేదా అంతకు మించి లోటుంటే వాతావరణ శాఖ దాన్ని కరువుగా లెక్కిస్తుంది. లోటు 50 శాతం దాటితే అది తీవ్ర కరువు. కేంద్రం 2016లో సవరించిన కరువు యాజమాన్య మార్గదర్శకాలు ఈ ఒక్క లెక్కతో ఆగవు. వానల మధ్య విరామం, సాగైన విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పచ్చదనం, జలాశయాల్లోనూ భూగర్భంలోనూ నీటి మట్టం, వీటన్నిటినీ చూశాకే కరువు స్థాయిని నిర్ణయిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో కరువు ప్రకటన మండలాల వారీగా వెలువడుతుంది.

ప్రకటన వస్తే సహాయ నిధులకు దారి ఏర్పడుతుంది. అయితే అది వచ్చేది సాధారణంగా ఖరీఫ్ చివరిలో. తాగునీటి విషయంలో ఊరు అంతవరకు ఆగనక్కర్లేదు. వానమాపకంలో పడ్డ నీరు, బోరులో దిగిన మట్టం ఊరి కళ్ల ముందే ఉంటాయి.

నేల కింద ఎంత ఉంది

రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలా భాగం గట్టి రాతి నేల. ఇసుక నేలల్లోలా లోతు పెరిగేకొద్దీ నీరు ఉంటుందనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. పైనున్న శిథిల పొరలోనూ దాని కింది రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. కురిసిన వానలో సుమారు పదో వంతు మాత్రమే ఆ పొరల దాకా ఇంకుతుంది. పక్క పొలంలో వెయ్యి అడుగుల బోరు వేస్తే కొత్త నీరేమీ పుట్టదు. అప్పటికే నాలుగు బోర్లు పంచుకుంటున్న నీటికి ఐదో వాటాదారు చేరతాడు. పైగా చాలాచోట్ల లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా వస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు.

ఉన్న నీటిని కొలవడం రైతులకు అసాధ్యమేమీ కాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ప్రయత్నం రుజువు చేసింది. రైతులే నడిపే భూగర్భ జల యాజమాన్య పథకం 2003లో మొదలైంది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో అది నడిచింది.

కొలిచే పద్ధతి తేలికే. ఊరి వానమాపకంలో రోజూ వాన కొలిచేవారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి కేబులు దించేవారు. దాని కొస నీటిని తాకగానే పైనున్న పరికరం మోగుతుంది, అక్కడికి ఎన్ని మీటర్లు దిగిందో పుస్తకంలో రాసుకునేవారు. బోరు ఎంత పోస్తుందో తెలియాలంటే ఒక డ్రమ్ము, చేతి గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే ఆ బోరు నిమిషానికి 150 లీటర్లు పోస్తున్నట్టు. ఈ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాసేవారు.

ఖరీఫ్ ముగిశాక రైతులంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు. వానకు ఇంకింది ఎంత, ఖరీఫ్‌లో తోడింది ఎంత, మిగిలింది ఎంత, రబీలో వేయాలనుకుంటున్న పంటలకు కావలసింది ఎంత అని లెక్క కట్టేవారు. ఎవరి మీదా నిషేధం పెట్టలేదు. లోటు అంకె కళ్లెదుట కనిపించాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

ఊరి నీటి పద్దు

1,500 మంది ఉన్న ఊరిని ఉదాహరణగా తీసుకుంటే ఈ లెక్క ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. అంటే ఊరికి రోజుకు 82,500 లీటర్లు. వేసవిలో ఒక్కో పాడి పశువుకు సుమారు 50 లీటర్ల తాగునీరు కావాలి, కాబట్టి 400 పశువులుంటే మరో 20 వేల లీటర్లు. మేకలు, గొర్రెల నీరు దీనికి అదనం.

ఎకరం వరికి పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పడుతుంది. లీటర్లలో చెబితే 48 లక్షల పైమాటే. దానిలో కొంత మళ్లీ నేలలోకి ఇంకినా, బోరు నుంచి తోడాల్సింది మాత్రం అంతా తోడాలి. అది ఆ ఊరు ఊరంతటికీ దాదాపు రెండు నెలల తాగునీరు. వేరుసెనగ, జొన్న, కొర్ర, ఉలవ లాంటి పంటలకు అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకే కరువు ఏడాది రబీలో ఏ పంట వేయాలన్నది ఒక్క రైతుకే పరిమితమైన విషయం కాదు. వచ్చే వేసవిలో పక్కింటి బిందె నిండుతుందా లేదా అన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అత్యవసర ప్రణాళికలో ఏముండాలి

నీటి పద్దు తేలాక డిసెంబరులోగా పంచాయతీ వేసవి ప్రణాళిక సిద్ధం చేసుకోవాలి. మొదట ఊరిలోని నీటి వనరుల జాబితా రాయాలి. పంచాయతీ బోర్లు, చేతిపంపులు, పాత మంచినీటి బావులు, బాగా పోస్తున్న ప్రైవేటు బోర్లు అందులో ఉండాలి. మరమ్మతుకు వచ్చిన చేతిపంపులు, మోటార్లు, కారుతున్న పైపులు, గేట్ వాల్వులు జనవరిలోనే బాగుచేయించాలి. నీళ్లు తగ్గిన నాడు అద్దెకు తీసుకునే రైతు బోర్లకు ముందుగానే ఒప్పందం రాసుకోవాలి. ఎద్దడి ముదిరాక బేరమాడితే ధర పంచాయతీ చేతిలో ఉండదు.

దూరపు జలాశయాల నుంచి పైపులతో నీరందే ఊళ్లకూ ఈ జాగ్రత్త అవసరమే. 1995లో మొదలైన శ్రీసత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో వందలాది ఊళ్ల కష్టం తీర్చింది. అయినా పైపు పగిలినప్పుడు, కరెంటు లేనప్పుడు, జలాశయం అడుగంటినప్పుడు ఆదుకునేది ఊరి బావే. పైపు వచ్చిందని పాత బావిని చెత్తతో పూడ్చేసిన ఊరికి ఆ రోజు వేరే దారి ఉండదు.

ట్యాంకరు ఆఖరి మార్గం. మనిషికి 20 లీటర్లే ఇచ్చినా 1,500 మందికి రోజుకు 30 వేల లీటర్లు కావాలి. 5 వేల లీటర్ల ట్యాంకరు ఆరు సార్లు తిరగాలి. ఏ వీధికి ఏ వేళకు వస్తుందో ముందే రాసి పెట్టాలి. పైపు చివరన ఉండే శివారు కాలనీలకు, దళితవాడలకు ఎప్పుడూ నీరు ఆఖరికే చేరుతుంది కాబట్టి ట్యాంకరు అక్కడి నుంచే మొదలుకావాలి. నడవలేని వృద్ధుల, దివ్యాంగుల ఇళ్లను గుర్తించి నీళ్లు ఇంటికే చేర్చే బాధ్యత ఎవరిదో పేరుతో సహా నిర్ణయించాలి. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం వాటా విడిగా ఉంచాలి.

మట్టం దిగిన నీటిలో మలినాలు చిక్కబడతాయి. అతిసారం ముప్పు వరదకాలంలోనే కాదు, కరువులోనూ ఉంటుంది. ట్యాంకరు నీటికీ ఓవర్‌హెడ్ ట్యాంకు నీటికీ క్లోరిన్ కలపాలి. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో క్లోరోస్కోపుతో చూడాలి. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నిల్వ ఉండాలి. పశువుల కోసం నీటి తొట్లు నింపే వంతులు వేసుకోవాలి, ఖరీఫ్‌లోనే చొప్ప, గడ్డి వాములు వేసి పెట్టుకోవాలి. మేత లేక సంతలో సగం ధరకు తెగనమ్మిన పాడి గేదెను మళ్లీ కొనడానికి ఆ కుటుంబానికి ఏళ్లు పడుతుంది.

ఊరి తాగునీటి బోరును కాపాడుకోవడానికి చట్టం అండ కూడా ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు మరో బోరు వేయకూడదు. ఈ నిబంధన కాగితం మీద మిగిలిపోతే ఊరి తాగునీటి బోరు ఎండడం ఖాయం. రిగ్గు బండి ఊళ్లోకి వచ్చిన రోజే అనుమతి పత్రం అడిగే అలవాటు పంచాయతీకి ఉండాలి.

పడ్డ చినుకును నిలపడం

నీటి సంరక్షణ పైనుంచి కిందికి సాగాలి. ముందు గుట్ట వాలులో కందకాలు, తర్వాత వాగుల్లో రాతి కట్టలు, ఊటకుంటలు, చెక్‌డ్యాములు, ఆఖరున చెరువు. పై పనులు వదిలేసి చెరువు పూడిక ఒక్కటే తీస్తే కొట్టుకొచ్చిన మట్టి నాలుగేళ్లలో మళ్లీ నింపేస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, చెరువును చెడగొట్టే ఆరు దోషాలను చెబుతుంది. చెరువు తవ్వడమే కాదు, దాన్ని కాపాడే విద్య కూడా ఈ నేలకు పాతదే. తూము తెరిచి, మూసి, మడి మడికీ నీరు పంచే నీరుగంటి వ్యవస్థ అందులో భాగం.

పొలంలో కుంట విలువ బెట్టలో తెలుస్తుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది 4 వేల లీటర్లు. వేరుసెనగ కాయ ఊరే దశలో 10 మిల్లీమీటర్ల రక్షక తడి ఇవ్వడానికి ఎకరానికి 40 వేల లీటర్లు చాలు. ఒక జోరు వానకు పారిపోయే నీటిని కుంటలో ఆపితే అంత మిగులుతుంది.

ఇంటి మీద పడే వానకూ లెక్క ఉంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 550 మిల్లీమీటర్లు కురిస్తే, వృథా పోను ఏడాదికి సుమారు 40 వేల లీటర్లు పట్టవచ్చు. తొలి వాన నీటిని వదిలేసి తర్వాతి నీటిని తొట్టిలోకో ఇంకుడు గుంతలోకో మళ్లించాలి. బట్టలుతికిన నీరు మరుగుదొడ్డికి, పాత్రలు కడిగిన నీరు పెరటి మొక్కలకు వాడితే మంచినీటి అవసరం అంత మేరకు తగ్గుతుంది.

ఉన్న నీటిని కొలిచి, ఆ లెక్క జనానికి చెప్పి ఒక మహానగరమూ గట్టెక్కింది. దాదాపు 40 లక్షల జనాభా ఉన్న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018లో కుళాయిలు కట్టేయాల్సిన అంచుకు చేరింది. మనిషికి రోజుకు 50 లీటర్లే వాడాలని ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి పరిమితి పెట్టారు. జలాశయాల మట్టం వారం వారం ప్రజలకు చెప్పారు. జనం వాడకం సగానికి పైగా తగ్గించుకున్నారు. వానలు వచ్చేదాకా కుళాయిలు ఆగలేదు. అనంతపురం ఊళ్ల గోడల మీద రాసిన అంకెలు చేసిన పనీ అదే. ఎంత మిగిలిందో తెలిసినప్పుడు మనుషులు పొదుపుగా వాడతారు.

ఏటా అక్టోబరు 2న చాలా ఊళ్లలో గ్రామసభ జరుగుతుంది. ఈసారి ఆ సభకు వెళ్లే ప్రతి ఒక్కరూ ఊరి వర్షపాతం ఎంత, బోర్ల మట్టం ఎంత, ఉన్న తాగునీరు వచ్చే జూన్ దాకా సరిపోతుందా అని మూడు ప్రశ్నలు అడగాలి. జవాబులను పంచాయతీ గోడ మీద రాయించాలి. జవాబు చెప్పేవారు లేకపోతే ఒక వానమాపకం, ఒక డ్రమ్ము తెచ్చి కొలవడం ఆ వారమే మొదలుపెట్టాలి.