ఇంజన్ మోత పెరుగుతోంది, బండి కదలడం లేదు! ట్రాక్టరు క్లచ్ జబ్బును రైతే పసిగట్టవచ్చు

సార్వా దమ్ములు మొదలయ్యాయంటే డెల్టా ఊళ్లలో మెకానిక్కు షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వాటిలో చాలా బండ్లకు చెప్పే జబ్బు ఒకటే, ‘క్లచ్ పోయింది’. ఆ మాట ఖాయమైతే బండిని మధ్యకు విడదీయాలి. ప్లేటు ఖరీదు ఒక ఎత్తు. విడదీసి బిగించిన కూలి మరో ఎత్తు. ఇక్కడ బండి షెడ్డులో ఉంటే అక్కడ నారు ముదిరిపోతుంటుంది. అయితే అలా వచ్చిన వాటిలో కొన్నింటికి పెడల్ సరిచేస్తే సరిపోతుంది. మరికొన్నింటికి అసలు క్లచ్ జబ్బే ఉండదు.

ఇంజన్ వెనుక తిరిగే ఫ్లైవీలుకు, గేరుబాక్సుకు మధ్య రెండువైపులా లైనింగు ఉన్న క్లచ్ ప్లేటు ఉంటుంది. గట్టి స్ప్రింగుల బలంతో ప్రెషర్ ప్లేటు దానిని ఫ్లైవీలుకు అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది, కాలు తీస్తే మళ్లీ బిగుస్తుంది. కాలు తీసినా పట్టు పూర్తిగా బిగియకపోవడాన్నే క్లచ్ జారడం అంటారు.

దీనిని కనిపెట్టడానికి ముందుగా చెవి కావాలి. బరువు పడినప్పుడు ఇంజన్ మోత బాగా అణిగిపోయి, నల్లపొగ కక్కుతూ బండి ఆగబోతే క్లచ్‌ను అనుమానించనక్కరలేదు. ఎయిర్ క్లీనరు చూసుకోవాలి. పొగ లేకుండానే నీరసిస్తే డీజిలు ఫిల్టరు చూడాలి. మోత బాగానే ఉండి వెనుక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతుంటే నేల పట్టు ఇవ్వడం లేదన్నమాట. రేజ్ ఇస్తే మోత ఒక్కసారిగా పైకి లేచి, చక్రాలు మాత్రం నెమ్మదించాయంటే అప్పుడు క్లచ్ జారుతున్నట్లే. దానితోపాటు కాలిన వాసన కూడా వస్తే ఆలస్యం చేయరాదు.

రోటావేటరు ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. డబుల్ క్లచ్ బండ్లలో బండి నడకకు ఒక ప్లేటు, వెనుక షాఫ్టుకు మరో ప్లేటు ఉంటాయి. బండి చక్కగా నడుస్తూ రోటావేటరు మాత్రమే నీరసిస్తే రెండో ప్లేటును అనుమానించాలి. అయితే రోటావేటరు షాఫ్టుకే రక్షణగా జారే ఏర్పాటు ఉంటే ముందు దానిని చూడాలి.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది. ట్రక్కు విప్పేసి, బండిని చదునైన చోట నిలపాలి. ముందూ వెనుకా మనుషులు ఉండకూడదు. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కి, పై గేరు వేసి, ఓ మోస్తరు రేజ్‌తో పెడల్‌ను మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజన్ అణిగి ఆగిపోతుంది. ఆగకుండా మోగుతూనే ఉంటే జారుతున్నట్లు లెక్క. ఒక్కసారి చేసి మానుకోవాలి. పదేపదే చేస్తే ఉన్న లైనింగు కాస్తా కాలిపోతుంది.

జారుతోందని తేలినా వెంటనే బండి విప్పించనక్కరలేదు. ముందు పెడల్‌ను చేత్తో నొక్కి చూడాలి. అసలు బరువు తగిలేలోగా అది కొంత ఖాళీగా కదలాలి. మెకానిక్కులు దీన్నే ‘ప్లే’ అంటారు. చాలా ట్రాక్టర్లకు ఇది సుమారు అంగుళం. సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లైనింగు అరిగేకొద్దీ ఈ ప్లే తగ్గుతూ పోతుంది. చివరకు ఏమీ మిగలకపోతే, కాలు తీసినా బేరింగు లోపలి వేళ్లను నొక్కుతూనే ఉంటుంది, క్లచ్ జారుతుంది. రాడ్డుతో పనిచేసే పెడల్ అయితే నట్టు తిప్పి ప్లే సరిచేయడం కాసేపటి పని. సరిచేశాక జారడం ఆగితే గండం గడిచినట్లే. కానీ మరీ ఎక్కువ వదిలితే గేరు పడేటప్పుడు గరగరమంటుంది.

రెండోది, క్లచ్ హౌసింగు అడుగున ఉండే రంధ్రం. దమ్ములో నీరు చేరకుండా దానికి బిరడా పెడతాం. దమ్ము అయ్యాక తీయడం చాలామంది మరిచిపోతారు. తీసి చూస్తే ఆయిలు కారుతుందా? నల్లగా ఉంటే ఇంజన్ ఆయిలు, చిక్కగా ఉండి గేరాయిలు వాసన కొడితే గేరుబాక్సుది. ఏదైనా సీలు పోయిందనే అర్థం. సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే వేయిస్తే కొత్త ప్లేటూ తడిసి జారుతుంది. ఈ మాట షెడ్డులో రైతే అడగాలి. అడగని వారికి చెప్పే తీరిక దమ్ముల రోజుల్లో ఎవరికీ ఉండదు.

బండి విప్పక తప్పనప్పుడు పాత ప్లేటును చేతిలోకి తీసుకుని చూడాలి. లైనింగు రివిట్ల తలల దాకా అరిగిందంటే దాని ఆయుష్షు తీరింది. మందం బాగానే ఉండి నూనెతో మెరుస్తుంటే తప్పు సీలుది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉంటే వేడికి దెబ్బతిన్నదన్నమాట. ఎలాగూ విడదీసిన బండి కాబట్టి బేరింగు, సీళ్లు అప్పుడే మార్పించుకోవడం మేలు. లేకుంటే అదే కూలి మళ్లీ ఇచ్చుకోవాలి.

క్లచ్‌లు త్వరగా పోవడానికి పెద్ద కారణం డ్రైవరు ఎడమకాలే. పని లేకపోయినా పెడల్ మీద పాదం ఆనించి నడిపేవారు కొందరు. గేరు తగ్గించాల్సిన చోట సగం క్లచ్‌తో లాగించేవారు మరికొందరు. ఇంటి బండి నడిపే కుర్రాళ్లకూ ఈ అలవాటు ఉంది, కిరాయి డ్రైవర్లనే అనడం న్యాయం కాదు.

జారుతున్న క్లచ్‌తో చేలో ఎలాగో నెట్టుకురావచ్చు గాని, ధాన్యం బస్తాల ట్రక్కుతో కాలువ గట్టు ఎక్కడం మాత్రం కూడదు. సగం ఎక్కాక పట్టు వదిలితే బరువు బండిని వెనక్కు లాగుతుంది. ట్రక్కు అడ్డం తిరిగితే కింద కాలువే. బస్తాల మీద కూలీలు కూర్చుని ఉంటారు.

కొత్త ప్లేటు వేయించాక మొదటి నాలుగైదు రోజులు బరువు పనులు పెట్టకుండా తేలికగా నడపాలి. లైనింగు సర్దుకున్నాక ప్లే మారుతుంది కనుక ఆ తర్వాత ఒకసారి పెడల్ మళ్లీ కొలిపించుకోవాలి.