చెవికీ పథ్యం ఉన్నది

నాలుకకు పథ్యం చెప్పని వైద్యుడు లేడు. చెవికి పథ్యం చెప్పేవారు మాత్రం అరుదు. చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో ఇంద్రియార్థాల అతియోగ, అయోగ, మిథ్యాయోగాలు రోగకారణాలుగా చెప్పబడినవి. ఉరుములు, భేరీధ్వనులు, పెడబొబ్బలు మితిమీరి వినడం చెవికి అతియోగం. అసలే వినకపోవడం అయోగం. పరుషవాక్యాలు, ఆప్తుల వినాశవార్తలు, భయం గొలిపే ధ్వనులు మిథ్యాయోగం. ఈ మూడవది మెల్లగా చెవిన పడినా రోగహేతువే. అనగా శబ్దం ఎంత పెద్దదన్నదే కాక, వినేవారి మనసుకు అది ఏమని తోచిందన్నదీ ముఖ్యమే.

పాశ్చాత్యులు ఈ దృష్టికి ఇటీవలనే వచ్చారు. కెనడా స్వరకర్త ఆర్. మరే షేఫర్ సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి ఊళ్ల శబ్దాలను రికార్డు చేసి పరిశీలించాడు. 1977లో వెలువడిన ఆయన గ్రంథంతో 'సౌండ్‌స్కేప్' అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది. దీనినే శబ్దపరిసరం అనుకుందాం. 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన నిర్వచనంలోనూ ప్రధానమైనది యంత్రపు కొలత కాదు, సందర్భాన్ని బట్టి మనిషి పొందే అనుభవం.

మన దేశపు 2000 సంవత్సరపు నియమాల ప్రకారం నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ప్రారంభించిన శబ్దపరిశీలక కేంద్రాలు హైదరాబాదులోనూ ఉన్నవి. మంచిదే. అయితే ఆ మీటరుకు కోకిలకూ లారీ హారనుకూ భేదం తెలియదు కదా!

మా కొత్తపేటనే చూడండి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఇక్కడ ఉన్నంతకాలం మామిడి రోజులలో వేలంపాటల కేకలు, లారీల రొద ఉండేవి. 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి.నగర్ దాకా తలపైన మెట్రో నడుస్తున్నది. మార్కెట్టు బాటసింగారం తరలింది. ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం నిశ్శబ్దమండలంగా ప్రకటించిన ఆసుపత్రి పరిసరాలలో పరిమితి పగలు 50, రాత్రి 40. ప్రక్కనే విజయవాడ రహదారి పెట్టుకొని బోర్డులు నాటినంత మాత్రాన అది సాధ్యమా? రోగుల గదులు రోడ్డుకు పెడమొగంగా ఉండాలి. నడుమ గోడలో, ఇతర కట్టడాలో అడ్డు నిలవాలి. చెట్లు రొదను ఆపేది స్వల్పమే అయినా ఆకుల సవ్వడి, పిట్టల కూత రోగికి ఊరటనిస్తాయి. శబ్దపరిసర రూపకల్పన అంటే ఇదే. భవనం లేచిన తరువాత చేసే మరమ్మతు కాదది.

ఇంటిలోనూ ఇది వర్తిస్తుంది. తెల్లవారుజామున పావుగంట కన్నులు మూసుకొని వినిపించిన ప్రతి శబ్దాన్నీ గుర్తించి వ్రాయండి. ప్రియమైనవి ఏవి, గుండె దడ పుట్టించేవి ఏవి అన్నది మీకే తెలుస్తుంది. మంచం రోడ్డువైపు కిటికీకి దూరంగా వేయండి. జబ్బుపడినవారి గుమ్మం వద్ద గుసగుసలాడవద్దు. వినీవినపడని ఆ మాటలు రోగిని కేకలకంటె ఎక్కువ కలవరపెడతాయి. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ సైతం తన గ్రంథంలో దీనిని ప్రత్యేకంగా ఖండించింది.

రొదవలన నిద్ర చెడినవారు రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దించుకోవచ్చును. అయితే పెద్ద శబ్దాలకు నశించిన లోపలి చెవి కణాలను ఏ తైలమూ తిరిగి మొలిపించలేదు. చెవిలో చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా నూనె చుక్క కూడా వేయరాదు. వెంటనే చెవి వైద్యునికి చూపించండి.