కాకతీయ చారిత్రక స్థలాలకు సైకిల్ దారులు: ఓరుగల్లు నుంచి రామప్ప, లక్నవరం, పాకాల వరకు

(ప్రత్యేక వ్యాసం)

ఓరుగల్లు కేంద్రంగా పాలన సాగించిన కాకతీయులు ఊరు, గుడి, చెరువు అనే మూడింటిని ఒకే ప్రణాళికలో భాగంగా తీర్చిదిద్దినారు. నేటి హనుమకొండ, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఈ మూడూ నేటికీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. నగరంలో కోట, వేయి స్తంభాల గుడి, పల్లెల్లో వరి, పత్తి, మిరప చేలు, ఆ పైన గోదావరి వైపు అడవులు. ఇన్ని మార్పులు వంద కిలోమీటర్ల లోపే కనిపించే ప్రాంతాలు అరుదు. ఈ కారణంగానే సైకిల్ యాత్రకు ఈ ప్రాంతం ఎంతో అనువైనది. ఇక్కడి ప్రధాన మార్గాలను, వాటిలోని విశేషాలను, తీసుకోవలసిన జాగ్రత్తలను పాత్రికేయులకు, సంబంధిత శాఖల అధికారులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

సైకిలే ఎందుకు?

ఈ ప్రాంతం చాలా వరకు మెల్లగా ఎగుడు దిగుడుగా సాగే మెట్ట నేల. ఘాట్ రోడ్ల వంటి నిటారు ఎత్తులు లేవు. సాధారణ గేర్లు లేని సైకిల్‌పై కూడా గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు సాగిపోవచ్చు. కారులో వచ్చిన పర్యాటకుడు హైదరాబాద్‌లో బయలుదేరి, రామప్ప గుడిని చూసి, అదే రోజు సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతున్నాడు. దారిలోని గ్రామాలకు అతని రాకతో ఒనగూరేది స్వల్పం. సైకిల్‌పై వచ్చినవాడు మాత్రం ప్రతి 15, 20 కిలోమీటర్లకు ఒకసారి ఆగక తప్పదు. టీ కొట్టు, టిఫిన్ బండి, పంక్చర్ షాపు, రాత్రి బస, వీటన్నింటిపై అతడు చేసే ఖర్చు స్థానికులకే చేరుతుంది.

వరంగల్ నగరానికి సైకిల్ కొత్తదేమీ కాదు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2020లో ప్రారంభించిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ చాలెంజ్’లో తుది విజేతలుగా నిలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి కావడం గమనార్హం.

మొదటి మార్గం: నగర ప్రదక్షిణ

సుమారు 20 కిలోమీటర్ల ఈ మార్గం ఒక ఉదయానికి సరిపోతుంది. హనుమకొండలోని వేయి స్తంభాల గుడి వద్ద ప్రారంభించడం మేలు. కాకతీయ రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన ఈ త్రికూటాలయం శివ, కేశవ, సూర్య దేవతలకు ఉద్దేశించినది. ఇక్కడి కల్యాణ మండపాన్ని భారత పురావస్తు సర్వే సంస్థ విడదీసి, తిరిగి నిలిపిన అనంతరం 2024 మార్చిలో ప్రజలకు అందుబాటులోకి తెచ్చినది.

అక్కడి నుంచి భద్రకాళి చెరువు మీదుగా వరంగల్ కోటకు చేరవచ్చు. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలాల్లో రూపుదిద్దుకున్న ఈ కోటకు వెలుపల మట్టి గోడ, లోపల రాతి గోడ కలవు. ఆ రెండింటి నడుమ నేటికీ పొలాలు, ఇళ్లు ఉన్నాయి. అనగా ఇది నిర్జనమైన శిథిలం కాదు, ప్రజలు నివసిస్తున్న కోట. మధ్యలో నాలుగు దిక్కులా నిలిచిన శిలా తోరణాల రూపమే 2014లో ఆమోదించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు పొందినది. కోట ద్వారాల వద్ద దారి వంకరలు తిరిగి సాగుతుంది. శత్రువు నేరుగా దూసుకు రాకుండా చేసిన ఈ ఏర్పాటును కారులో వెళ్లేవారు గమనించరు. సైకిల్‌పై వెళ్లేవారికి ప్రతి మలుపూ తెలుస్తుంది.

రెండవ మార్గం: రామప్ప, గణపురం, పరకాల

రాను పోను సుమారు 140 నుంచి 150 కిలోమీటర్ల ఈ మార్గానికి రెండు రోజులు కేటాయించుకోవాలి. హనుమకొండ నుంచి 163వ జాతీయ రహదారిపై ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా ములుగు చేరి, జంగాలపల్లి కూడలి వద్ద పాలంపేటకు మళ్లవలెను. నడుమ వచ్చే కటాక్షపూర్ చెరువు భారీ వర్షాలకు మత్తడి దూకినప్పుడు నీరు రహదారి పైకి వచ్చి రాకపోకలు నిలిచిపోతుంటాయి. కావున వర్షాకాలంలో ముందుగా విచారించుకొని బయలుదేరడం అవసరం.

పాలంపేటలోని రుద్రేశ్వరాలయమే రామప్ప గుడి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని నిర్మింపజేసినట్లు శాసనం తెలుపుతున్నది. ఇసుకతో నింపిన పునాది, నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నల్లరాతిలో చెక్కిన మదనికలు ఈ గుడి ప్రత్యేకతలు. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చినది. తెలుగు రాష్ట్రాల్లో ఈ గుర్తింపు పొందిన తొలి కట్టడం ఇదే. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించడానికి ఇక్కడి శిల్పాలు ఆధారమయ్యాయి.

గుడి సమీపంలోనే రామప్ప చెరువు కలదు. గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ నీరు ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా పొలాలను తడుపుతున్నది. ఇక్కడి నుంచి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో గణపురం కోటగుళ్లు ఉన్నాయి. ఒకే ప్రాకారంలో ఇరవైకి పైగా ఆలయాలు గల ఈ సముదాయం శిల్ప సౌందర్యంలో రామప్పకు తీసిపోదు. అయినను సందర్శకులు తక్కువ.

తిరుగు ప్రయాణంలో రేగొండ, పరకాల మీదుగా రావచ్చు. రేగొండ మండలంలోని పాండవుల గుట్టలో ఆదిమానవుల శిలా చిత్రాలు ఉన్నాయి. పరకాలలోని అమరధామం 1947 సెప్టెంబరు 2న జాతీయ పతాకం ఎగురవేసేందుకు తరలివచ్చి, కాల్పుల్లో అసువులు బాసినవారి స్మారకం. అయితే చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, భూపాలపల్లి సింగరేణి గనుల కారణంగా ఈ దారిలో బొగ్గు లారీల రాకపోకలు అధికం. తెల్లవారిన తరువాత బయలుదేరి, రోడ్డు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు సాగడం శ్రేయస్కరం.

మూడవ మార్గం: లక్నవరం, మేడారం

ములుగు దాటిన తరువాత పొలాలు తగ్గి అడవి మొదలవుతుంది. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం కాకతీయుల నాటి చెరువు. దీవులను కలుపుతూ నిర్మించిన వేలాడే వంతెన ఇక్కడి ఆకర్షణ. పర్యాటక అభివృద్ధి సంస్థ వసతి గృహాలు ఉన్నందున రాత్రి బసకు అనువైనది. మరికొంత ముందుకు సాగితే తాడ్వాయి మీదుగా మేడారం చేరవచ్చు. రెండేళ్లకు ఒకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర రోజుల్లో వాహనాల రద్దీ కారణంగా సైకిల్ యాత్ర తగదు. మిగిలిన రోజుల్లో దారి ప్రశాంతం. ఇది వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోని ప్రాంతం కావున చీకటి పడిన తరువాత ప్రయాణం పనికిరాదు.

నాలుగవ మార్గం: నర్సంపేట, పాకాల

వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా పాకాల సుమారు 50 కిలోమీటర్లు. మిరప, మొక్కజొన్న, వరి చేల మధ్య సాగే ఈ దారి చివర అడవి అంచున పాకాల చెరువు దర్శనమిస్తుంది. గణపతిదేవుని కాలంలో నిర్మించిన ఈ జలాశయం కాకతీయుల చెరువుల్లో అతి పెద్ద వాటిలో ఒకటి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల విధానాన్ని, అనగా ఒక చెరువు అలుగు నీరు దిగువ చెరువుకు చేరే పద్ధతిని, ఈ మార్గంలో ఊరూరా గమనించవచ్చు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమానికి ఈ సంప్రదాయమే స్ఫూర్తి.

కాలం, జాగ్రత్తలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి మధ్య నుంచి ఎండ తీవ్రత దృష్ట్యా ఉదయం 10 గంటల లోపు ప్రయాణం ముగించుకోవలెను. జూలై, ఆగస్టు నెలల్లో వాగులను తక్కువగా అంచనా వేయరాదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తిన ఘటన అందరికీ తెలిసినదే. కాజ్‌వే మీదుగా నీరు పారుతున్నప్పుడు సైకిల్‌తో దాటే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు.

హెల్మెట్, వెనుక ఎర్ర దీపం, మెరిసే జాకెట్, అదనపు ట్యూబు, గాలి పంపు, రెండు లీటర్ల నీరు తప్పనిసరి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 4 వేలకు పైగా సైకిల్ ప్రయాణికులు మరణించారన్న విషయాన్ని యాత్రికులతో పాటు అధికారులు కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది.

చేయవలసిన పనులు

ఈ మార్గాలకు కొత్త రోడ్లు అవసరం లేదు. ఉన్న రోడ్డు అంచులను గుంతలు లేకుండా ఉంచడం, కూడళ్ల వద్ద దూరాలతో తెలుగు సూచికలు నిలపడం, చారిత్రక స్థలాల వద్ద తాగునీరు, సైకిల్ నిలుపుకొనే చోటు కల్పించడం చాలును. కోతల కాలంలో రైతులు వడ్లు, మొక్కజొన్నలు రోడ్డుపైనే ఆరబోస్తున్నారు. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రివేళ ప్రమాద హేతువులు అవుతున్నాయి. రైతును తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆరబెట్టుకొనేందుకు కల్లాలు అందుబాటులో ఉంటేనే రోడ్డు ఖాళీ కాగలదు.

చివరిగా ఒక మాట. ఈ దారులపై ప్రతి ఉదయం సైకిల్ తొక్కేది పర్యాటకులు కారు. బడికి వెళ్లే విద్యార్థినీ విద్యార్థులు, పాలు పోసేవారు, కూలి పనులకు వెళ్లేవారు. రామప్పను చూడవచ్చే యాత్రికుని కోసం రోడ్డు అంచు బాగుపడితే, ఆ మేలు మొదట దక్కేది వారికే. సైకిల్ మార్గాల ప్రతిపాదనలను పరిశీలించేటప్పుడు ఈ అంశానికి తగిన ప్రాధాన్యం ఇవ్వవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.