కృష్ణ ఎందుకు రాలేదు?

పిల్లలూ, కంప్యూటరు లక్షల వివరాల్లోంచి మనకు కావలసినవే ఎలా ఏరి ఇస్తుందో తెలుసా? నాలుగు నదులతో చేసి చూద్దాం. నోటు పుస్తకంలో ఈ పట్టిక వేసుకోండి. దీని పేరు 'నదులు'.

పేరు – పొడవు, కిలోమీటర్లలో – పుట్టిన రాష్ట్రం
గోదావరి – 1465 – మహారాష్ట్ర
కృష్ణ – 1400 – మహారాష్ట్ర
పెన్న – 597 – కర్ణాటక
నాగావళి – 256 – ఒడిశా

పట్టికలను ప్రశ్నించడానికి చేంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో ఒక భాషను ప్రకటించారు. అదే నేటి ఎస్.క్యూ.ఎల్. అందులో ముఖ్యమైన మాటలు మూడు. ఏ నిలువు వరుస కావాలో 'సెలెక్ట్' చెబుతుంది. ఏ పట్టికలోంచో 'ఫ్రమ్' చెబుతుంది. ఏ షరతు మీదో 'వేర్' చెబుతుంది.

సెలెక్ట్ పేరు ఫ్రమ్ నదులు వేర్ పొడవు < 600

ఇలా అడిగితే పెన్న, నాగావళి వస్తాయి.

1400 కిలోమీటర్లూ, అంతకు మించీ పారే నదులు కావాలనుకుని, 'వేర్ పొడవు > 1400' అని రాశారనుకోండి. గోదావరి ఒక్కటే వస్తుంది! మరి కృష్ణ? యంత్రం పొరపాటు పడలేదు. 1400 కన్న 1400 ఎక్కువ కాదు గదా! '>=' అని రాస్తే కృష్ణ కూడా వచ్చేది.

నదులైతే నవ్వి ఊరుకుంటాం. అదే ఉపకారవేతనాల పట్టిక అయితే? 60 మార్కులు వస్తే చాలునన్నచోట '> 60' అని రాస్తే, సరిగ్గా 60 తెచ్చుకున్న పిల్లవాడు తప్పిపోతాడు. ఆ సంగతి యంత్రం చెప్పదు. అందుకే ఎవరు వచ్చారో చూసి ఊరుకోక, ఎవరు రాలేదో కూడా చూడాలి.

ఇక మీ వంతు. రెండు షరతులను 'యాండ్' కలుపుతుంది. మహారాష్ట్రలో పుట్టి, 1450 కన్న తక్కువ పొడవున్న నదిని అడగండి. తప్పిపోయిన కృష్ణ దొరుకుతుంది!